ఊరి నీళ్లు మారితే ఒంట్లో ఏం మారుతుంది? ఫ్లోరైడ్ ప్రాంతంలో ఆరోగ్యం, ఆహారంపై అధ్యయనం చేసే పద్ధతి

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కొన్నేళ్లు గడిచాయో లేదో నల్గొండ ప్రాంతంలో ఎదిగే వయసు పిల్లల కాళ్లు వంకర పోతున్నాయని డాక్టర్లు గమనించారు. మోకాళ్లు రెండూ లోపలికి వచ్చి ఒకదానికొకటి రాసుకునేవి, పాదాలు ఎడంగా జరిగేవి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, అంటే మనమంతా ఎన్‌ఐఎన్ అని పిలిచే సంస్థ, దీనిమీద పని చేసింది. అక్కడి పరిశోధకులు కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో దీని గురించి రాశారు. తెలుగు నేలలో ఫ్లోరైడ్ కొత్తగా వచ్చింది కాదు. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు, ఉందని 1937లోనే షార్ట్, ఆయన సహచరులు ప్రచురించారు. పళ్లకు మచ్చలు పడటం, నడుం వంగిపోవడం పాత జబ్బులే. పిల్లల కాళ్లు ఇలా వంగడం మాత్రం కొత్త.

ఎన్‌ఐఎన్ వాళ్లు నీళ్ల దగ్గర ఆగలేదు, జొన్నల్లో ఏముందో కూడా చూశారు. వాళ్లు ముందుకు తెచ్చిన వివరణ క్లుప్తంగా ఇదీ: రిజర్వాయరు, కాలువల ఊట వల్ల భూగర్భ జలం పైకి వచ్చింది, నేలలో క్షారం పెరిగింది. క్షార నేలలో పైరు మాలిబ్డినం అనే ధాతువును ఎక్కువగా పీల్చుకుంటుంది. మాలిబ్డినం ఎక్కువున్న జొన్నలు తింటే ఒంట్లోని రాగి ధాతువు మూత్రంలో పోతుంది. రాగి, కాల్షియం తక్కువైన ఎముక మీద ఫ్లోరైడ్ దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది. ఈ గొలుసులో ప్రతి లంకె తిరుగులేకుండా రుజువైందని నేను అనను. కానీ ఆనకట్ట నుంచి నేలకు, నేల నుంచి గింజకు, గింజ నుంచి పళ్లేనికి, పళ్లెం నుంచి ఎముకకు వెళ్లిన ఆ ఆలోచన తీరు మనకు కావాలి. పర్యావరణం మారితే మనిషి ఆరోగ్యం ఎలా మారుతుందో చదవాలనుకునే విద్యార్థులకు, టీచర్లకు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం మన దగ్గర లేదు.

కింద చెప్పేది ఫ్లోరైడ్ ఊరిని పట్టుకుని ఇలాంటి అధ్యయనం ఎలా చెయ్యాలో. నీళ్లు ఒక్కటే కొలిచి వచ్చేస్తే సగం పని కూడా అవదు. ఎవరు, ఏ వయసులో, ఏ నీళ్లు తాగారు, వాటితోపాటు ఏం తిన్నారు అన్నది పట్టుకోవాలి.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

"పర్యావరణ మార్పుల వల్ల ఆరోగ్యంపై ప్రభావం" అని రాస్తే అది శీర్షిక అవుతుంది గానీ ప్రశ్న అవదు. కొలవగలిగేది కావాలి. ఉదాహరణకు: మిషన్ భగీరథ నీళ్లు ఇంటికి వచ్చాక పుట్టిన పిల్లల పళ్లలో ఫ్లోరోసిస్, అంతకుముందు పుట్టినవాళ్ల కంటే తగ్గిందా? ఏ ఇళ్లలో తగ్గలేదు, ఎందుకు? ఇందులో మార్పు ఏదో తెలుస్తోంది, ఎవరిని పోల్చాలో తెలుస్తోంది, ఒంట్లో ఏం చూడాలో తెలుస్తోంది. ఆ పథకం 2016 ఆగస్టులో మొదలైంది. ఊరూరికీ నీళ్లు చేరిన తేదీ వేరుగా ఉంటుంది కాబట్టి మీ ఊరి తేదీ మీరే కనుక్కోవాలి.

ప్రశ్న రాశాక ఒక తెల్లకాగితం మీద బాణం గుర్తులతో దారి గీయండి. రాయి, బోరు, బిందె, వంటగిన్నె, కడుపు, ఎముక. ఒక్కో బాణం పక్కన "దీన్ని ఎలా కొలుస్తాను?" అని రాయండి. జవాబు లేని బాణం ఉంటే అక్కడ మీ అధ్యయనం ఊహ మీద నడుస్తుందని ముందే తెలిసిపోతుంది.

2. ఊరి నీళ్ల చరిత్ర రాయండి

ఎక్కువమంది వదిలేసే పని ఇదే. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే.

నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు ఏ ఊరికి వెళ్లినా పెద్దవాళ్లు ఒకే వరస చెబుతారు. మొదట చేదబావి. తర్వాత బోరింగు, అంటే చేతిపంపు. తర్వాత మోటారు పెట్టిన బోరు, దాన్ని ఏటేటా ఇంకా లోతుకు దింపడం. ఆ తర్వాత ఫిల్టరు నీళ్ల క్యాను. చివరికి నల్లా. అక్కడి గ్రానైటు రాయిలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. నీళ్లు రాతి పగుళ్లలో ఎంతకాలం నిలిస్తే ఫ్లోరైడ్ అంత కరుగుతుంది. నీళ్లలో క్షారం ఎక్కువై కాల్షియం తక్కువైతే మరీ కరుగుతుంది. అందుకే బావి ఎండి బోరు వెయ్యడం చాలాచోట్ల నీటి రసాయనాన్నే మార్చేసింది. లోతు పెరిగిన ప్రతిచోటా ఫ్లోరైడ్ పెరిగి తీరుతుందని మాత్రం అనుకోకండి. పక్కపక్కనే ఉన్న రెండు బోర్ల నీళ్లు వేర్వేరుగా ఉండటం మామూలే.

"మీ బోరు ఏ సంవత్సరంలో వేశారు?" అని అడిగితే జవాబు రాదు. గుర్తుండే సంఘటనల చుట్టూ అడగండి. రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు ఏ నీళ్లు తాగేవాళ్లు? అంటే 1983. పెద్ద కొడుకు పుట్టినప్పుడు? కూతురి పెళ్లప్పుడు? తెలంగాణ వచ్చినప్పుడు? అలా అడుగుతూ పోతే ముప్పై, నలభై ఏళ్ల నీళ్ల లెక్క కాగితం మీదికి వస్తుంది.

ఇంత శ్రమ ఎందుకంటే శరీరంలో ఒక్కో భాగం ఒక్కో కాలం సంగతి చెబుతుంది. పంటి మీది పింగాణీ పొర చిన్నప్పుడే తయారవుతుంది. ముందువైపు శాశ్వత దంతాలకు పుట్టిన దగ్గర నుంచి నాలుగైదేళ్లలోపు, మిగతా చాలా పళ్లకు ఎనిమిదేళ్లలోపు. ఆ వయసు దాటాక ఎంత ఫ్లోరైడ్ తాగినా పంటి మీద కొత్త మచ్చ రాదు. ఎముక అలా కాదు, బతికినన్నాళ్లూ కూడబెట్టుకుంటూనే ఉంటుంది. మూత్రంలోని ఫ్లోరైడ్ ఈ మధ్య ఒంట్లోకి వెళ్లినదాని గురించి చెబుతుంది.

దీన్ని మరిచిపోతే ఎలాంటి తప్పు జరుగుతుందో చూడండి. మీరు ఎంచుకున్న ఊళ్లో ఒక కోడలి పళ్లు తెల్లగా ఉన్నాయి, మోకాళ్లు మాత్రం పట్టేశాయి. పక్కింటి కోడలికి పళ్లు గోధుమరంగు, కీళ్లు బాగానే ఉన్నాయి. ఇద్దరూ తాగేది ఒకే బోరు నీళ్లు. మొదటామె పుట్టిల్లు మంచి నీళ్ల ఊరు, ఇక్కడికి వచ్చి చాలా ఏళ్లయింది. రెండో ఆమె పుట్టిల్లు ఫ్లోరైడ్ ఊరు, ఆమెకు ఈమధ్యే పెళ్లయింది. పుట్టింటి నీళ్లు అడగకపోతే ఈ ఇద్దరూ కలిసి మీ లెక్కంతా తారుమారు చేస్తారు. మన పల్లెల్లో పెళ్లయిన ఆడవాళ్లలో చాలామంది వేరే ఊరి నుంచి వచ్చినవాళ్లే కాబట్టి ఇది అరుదైన విషయం కాదు. ఫారంలో "ఎనిమిదేళ్లలోపు ఎక్కడ పెరిగారు?" అన్న గడి తప్పకుండా పెట్టండి.

3. ఊళ్లు, మనుషుల ఎంపిక

ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊరు ఒక్కటే తీసుకుంటే పోలిక ఉండదు. తిండి, పనిపాట, ఆదాయం దగ్గరదగ్గరగా ఉండి నీళ్లు మాత్రం మంచివైన ఊరు కూడా కావాలి. మధ్యస్థంగా ఉన్న ఊరు ఒకటి దొరికితే ఇంకా మంచిది. మోతాదు పెరిగేకొద్దీ జబ్బు పెరుగుతోందా అన్నది అప్పుడే తేలుతుంది.

ఎంతమందిని చూడాలి? పిల్లల్లో నూటికి 30 మందికి దంత ఫ్లోరోసిస్ ఉండొచ్చని అంచనా వేశాం అనుకుందాం. మన లెక్క ఐదు శాతం అటూఇటూ కంటే ఎక్కువ తప్పకూడదు. 1.96 (95 శాతం నమ్మకానికి వాడే అంకె) వర్గాన్ని 0.3తో, 0.7తో గుణించి, 0.05 వర్గంతో భాగిస్తే 323 మంది వస్తారు. ఒకే ఊరివాళ్లు ఒకే నీళ్లు తాగుతారు కాబట్టి పది ఊళ్ల నుంచి తెచ్చినంత సమాచారం ఒక ఊరి నుంచి రాదు. అందుకని ఆ సంఖ్యను సాధారణంగా రెట్టింపు చేస్తారు. అంటే 646. అంతమంది వీలుకాని కాలేజీ ప్రాజెక్టు అయితే చిన్నగా చెయ్యండి, కానీ ఇది చిన్న అధ్యయనమని నివేదిక మొదటి పేజీలోనే చెప్పండి.

ఇళ్లను ఓటర్ల జాబితా లేదా అంగన్‌వాడీ రిజిస్టరు నుంచి లాటరీ పద్ధతిలో తీయండి. రోడ్డు పక్క ఇళ్లు చూసుకుంటూ పోతే దూరంగా ఉన్న వాడలు, తండాలు మిగిలిపోతాయి. నల్లా ఆఖరున వచ్చేది కూడా అక్కడికే.

4. అనుమతులు

మనుషుల మీద చేసే ఏ అధ్యయనానికైనా సంస్థాగత నైతిక కమిటీ అనుమతి ఉండాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చదివి దరఖాస్తు పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు సంతకం చేశారు కదా అని పిల్లల నోరు తెరిపించకూడదు, వాళ్లకూ చెప్పి ఒప్పించాలి. సర్పంచికి, ఆశా కార్యకర్తకు ముందే చెప్పండి.

ఇంకో మాట. ఈ ప్రాంతం వాళ్లు దశాబ్దాలుగా వంగిన నడుముల ఫోటోలకు నిలబడి అలిసిపోయారు. మీకు ఫోటో అవసరం లేకపోతే తియ్యకండి. పంటి ఫోటో కావాలంటే ముఖం కనిపించకుండా పంటి వరకే తియ్యండి.

5. నీళ్లు పట్టడం, పరీక్ష

గాజు సీసా వద్దు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసా వాడండి. బోరు ఐదు నిమిషాలు నడిచాక, అదే నీళ్లతో సీసా మూడుసార్లు కడిగి నింపండి. సీసా మీద యజమాని పేరు వద్దు, కోడ్ నంబరు రాయండి. స్థలం, లోతు, తేదీ మీ పుస్తకంలో ఉండాలి. ఫ్లోరైడ్ కోసం సీసాలో మందు కలపక్కర్లేదు. నెల తిరగకుండా పరీక్ష చేయించండి.

రంగు మారే కిట్లతో ఊళ్లో తొలి జల్లెడ పట్టొచ్చు. నివేదికలో వేసే అంకె మాత్రం ల్యాబులో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో తీసింది కావాలి. పది సీసాల్లో ఒకదాన్ని వేరే కోడ్‌తో రెండోసారి పంపండి. రెండు అంకెలు దగ్గరగా రాకపోతే ల్యాబుతో మాట్లాడాలి. ఎండాకాలం చివర ఒకసారి, వానలు వెనకపట్టాక ఒకసారి, రెండు విడతలూ చెయ్యండి. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే నీళ్లు దొరకకపోతే 1.5 వరకు సర్దుకోవచ్చు.

6. బోరులో ఎంత ఉందో కాదు, కడుపులోకి ఎంత వెళ్లిందో

లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీళ్లు ఏసీ గదిలో కూర్చునే మనిషి రోజుకు లీటరున్నర తాగితే 3 మిల్లీగ్రాములు. అదే నీళ్లు ఎండలో పత్తి ఏరే మనిషి నాలుగు లీటర్లు తాగితే 8 మిల్లీగ్రాములు. ఇద్దరి పక్కనా "2" అనే రాస్తే ఆ అధ్యయనం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. పిల్లల విషయంలో బరువుతో భాగించి చూడాలి. 15 కిలోల పాప లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీళ్లు ఒక లీటరు తాగితే కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు పడుతుంది. పైన చెప్పిన కూలి మనిషి 55 కిలోలైతే ఆయనకు పడేది కిలోకు 0.15 కూడా కాదు.

"మీరు ఏ నీళ్లు తాగుతారు?" అన్న ఒక్క ప్రశ్నతో ఇది తేలదు. ఇలా సాగాలి:

"అక్కా, ఇంట్ల ఏ నీళ్లు తాగుతరు?"

"ఫిల్టరు నీళ్లే. క్యాను తెప్పిస్తం."

"అన్నం, పప్పు ఏ నీళ్లతోని వండుతరు?"

"వంటకు క్యాను నీళ్లు యాడ సరిపోతయ్? బోరు నీళ్లే."

"చేన్ల పనికి పోయినప్పుడు?"

"బాటిల్ తీస్కపోతం, పదకొండు దాకనే అస్తది. ఎన్క మోటారు కాడ తాగుడే."

ఫారం నింపే కుర్రాడు మొదటి జవాబు దగ్గరే ఆగిపోతే ఆమె "సురక్షిత నీళ్లు" అన్న గడిలో పడిపోతుంది. ఇంట్లో, వంటలో, పొలంలో, బడిలో అని నాలుగు చోట్లకు నాలుగు వరుసలు పెట్టండి. ఇంట్లో గ్లాసు, చెంబు చేతికి తీసుకుని కొలపాత్రతో కొలవండి. "రెండు చెంబులు" అంటే ఒక్కో ఇంట్లో ఒక్కో కొలత. టీ ఎన్ని కప్పులో కూడా రాయండి, తేయాకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

7. తిండి లెక్క

చాలా సర్వేల్లో తిండి చివరి పేజీలో రెండు ప్రశ్నలుగా మిగులుతుంది. ఫ్లోరైడ్ విషయంలో అది పెద్ద లోపం. కాల్షియం కడుపులోనే ఫ్లోరైడ్‌ను కొంతవరకు పట్టేసి ఒంటికి పట్టకుండా చేస్తుంది. కాల్షియం తక్కువైన ఎముక త్వరగా లొంగుతుంది. చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని ఎన్‌ఐఎన్ పరిశోధకులే 2002లో ప్రచురించారు. అంటే పచ్చిపులుసు, సల్ల (మజ్జిగ), తైద (రాగుల) అంబలి కూడా ఈ అధ్యయనంలో సాక్షులే.

నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఇవాళ పొద్దున లేచేదాకా తిన్నదంతా చెప్పించడం ఎక్కువగా వాడే పద్ధతి. ఒక్కరోజు చాలదు. వరసగా కాకుండా కనీసం రెండు రోజులు అడగండి, ఒకటి పనిరోజు, ఒకటి ఇంటి దగ్గరున్న రోజు. పండుగ, పెళ్లి, ఉపవాసం వచ్చిన రోజు వదిలెయ్యండి. "ఏం తిన్నవ్ అవ్వా?" అంటే "ఏం తింటం బిడ్డా, ఇంత బువ్వ" అంటుంది. అక్కడితో వదలకుండా బువ్వలోకి ఏం కలుపుకున్నారు, మీద ఏం పోసుకున్నారు, పొద్దున చాయ్‌లో పాలు ఎన్ని, పొలంలో ఎవరైనా ఏమైనా పెట్టారా అని ఓపిగ్గా అడగాలి. తినే గిన్నె, గంటె చూపించమని అందులో నీళ్లు పోసి కొలవండి. ఇంట్లో ఎవరు చివర తింటారో, పాలు ఎవరికి పోస్తారో కూడా మర్యాదగా అడగండి. గుమ్మానికి లీటరు పాలు వస్తున్నా తల్లి గ్లాసులో చుక్క పడని ఇళ్లు ఉన్నాయి.

ఆ తర్వాత ఎన్‌ఐఎన్ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికతో పోషకాలు లెక్కకట్టండి. 100 గ్రాముల బియ్యంలో కాల్షియం 10 మిల్లీగ్రాముల లోపే. జొన్నల్లో పాతిక, ముప్పై మధ్య. రాగుల్లో 340 పైన. 100 మిల్లీలీటర్ల పాలల్లో సుమారు 120. పెద్దవాళ్లకు రోజుకు 1,000 మిల్లీగ్రాములు కావాలని ఐసీఎంఆర్, ఎన్‌ఐఎన్ 2020లో చెప్పాయి. ఈ అంకెలు చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. జొన్న పోయి రేషన్ బియ్యం వచ్చినందువల్లే కాల్షియం పడిపోయిందని తేలిగ్గా అనలేం, జొన్నలోనూ అది తక్కువే. చూడాల్సింది తైదలు, పాలు, మునగాకు, నువ్వులు పళ్లెంలోంచి ఎప్పుడు తగ్గాయన్నది. ఊరి నీళ్ల చరిత్ర రాసుకున్న కాగితం మీదే పక్క వరసలో తిండి చరిత్ర రాయండి. చెరువు ఎండిన ఏడాది, పశువులు అమ్మేసిన ఏడాది, తైదలు వెయ్యడం మానేసిన ఏడాది దగ్గరదగ్గరగా ఉన్నాయేమో చూడండి.

ఆర్‌ఓ నీళ్ల గురించి, అంటే క్యానులో వచ్చే ఫిల్టరు నీళ్ల గురించి కూడా చెప్పాలి. అందులో ఫ్లోరైడ్‌తోపాటు కాల్షియం, మెగ్నీషియం కూడా పోతాయి. ఆ నీళ్లు తాగొద్దని నా ఉద్దేశం కాదు. పళ్లెంలో కాల్షియం తక్కువున్న ఇంట్లో ఆ లోటు ఇంకొంచెం పెరుగుతుంది కాబట్టి నమోదు చెయ్యాలి.

8. ఒంటిని చూడటం

పళ్లను పగటి వెలుగులో చూడాలి. దూదితో తడి తుడిచాక చూడాలి. పంటి ఫ్లోరోసిస్ ఎంత ముదిరిందో చెప్పే డీన్ సూచిక ప్రకారం ఆరు మెట్లు ఉంటాయి: మామూలు, అనుమానం, అతి స్వల్పం, స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. ఎక్కువ దెబ్బతిన్న రెండు పళ్లు చూసి, రెండూ సమానంగా లేకపోతే తక్కువ దెబ్బతిన్న పంటి మెట్టు రాయాలి. ఫ్లోరోసిస్ మచ్చలు కుడి ఎడమల జంటగా, పంటి మీద అడ్డగీతలుగా వస్తాయి, తోమితే పోవు. చిగురు అంచున పేరుకున్న గార, గుట్కా మరక వేరు. ఇద్దరు దంతవైద్యులు విడివిడిగా కొందరు పిల్లల్ని చూసి, ఇద్దరి మార్కులు ఎంతవరకు కలుస్తున్నాయో మొదటి వారంలోనే తేల్చుకోవాలి.

పెద్దవాళ్లలో మూడు కదలికలు చేయించి చూస్తారు. మోకాళ్లు వంచకుండా నేల మీది నాణెం తీయడం, గడ్డం ఛాతీకి ఆనించడం, చేతులు తల వెనక్కి పెట్టడం. ఇవి జల్లెడ మాత్రమే. వయసుతో వచ్చే కీళ్లనొప్పులున్నవాళ్లూ వీటిలో తప్పుతారు. జబ్బు ఖాయం చెయ్యాలంటే డాక్టరు, ఎక్స్‌రే కావాలి. పిల్లల ఎత్తు, బరువు, దండచుట్టు కొలత, హిమోగ్లోబిన్ కూడా తీసుకోండి.

9. అంకెల్ని చదవడం

ముందు మోతాదు ప్రకారం మూడు గుంపులు చెయ్యండి. ఒక్కో గుంపులో ఎంతమందికి ఫ్లోరోసిస్ ఉందో చూడండి. తర్వాత ఒకే మోతాదు గుంపులో కాల్షియం బాగా తినేవాళ్లను, తక్కువ తినేవాళ్లను విడదీసి మళ్లీ చూడండి. తిండి ఏమైనా కాపాడుతోందా అన్నది ఇక్కడే బయటపడుతుంది. కానీ పాలు తాగే ఇల్లు ఫిల్టరు నీళ్లు కొనగలిగిన ఇల్లు కూడా అయ్యుంటుంది. ఆదాయం, భూమి, పని ఒకేలా ఉన్న ఇళ్లను పోల్చకపోతే డబ్బు చేసిన మేలును పాల ఖాతాలో వేసేస్తారు.

పిల్లల్ని పుట్టిన ఏడాది వరసలో పెట్టి, నల్లా వచ్చిన ఏడాది దగ్గర గీత గీయండి. గీతకు ఇటు పుట్టినవాళ్లలో మచ్చలు తగ్గాయా? తగ్గని పిల్లల ఇళ్లకు మళ్లీ వెళ్లండి. వంట నీళ్లు, నల్లా ఎన్ని రోజులకోసారి వస్తోంది, తల్లి పనికి పోతే పాప ఎక్కడ ఉంటుంది, అన్నీ మళ్లీ అడగండి. ఒక్కసారి చేసిన సర్వేతో "దీనివల్లే ఇది" అని రాయకండి. సంబంధం ఉందని రాయండి, అది ఎంత బలంగా ఉందో రాయండి.

10. ఊరికి తిరిగి చెప్పడం

నివేదిక అచ్చయ్యేదాకా ఆగకండి. ఏ బోరులో ఎంత ఉందో ల్యాబు నుంచి రాగానే ఆ ఇంటికి, పంచాయతీకి కాగితం మీద ఇవ్వాలి. 1.5 దాటిన బోరుకు ఎర్ర రంగు గుర్తు వెయ్యడానికి పంచాయతీని ఒప్పించండి. మిల్లీగ్రాములు చెబితే ఎవరికీ పట్టదు. "ఈ బోరు నీళ్లు గిన్నెలు తోముకోవడానికి, బట్టలకు వాడండి, వంటకు, తాగడానికి వద్దు" అని గ్రామసభలో బోరు బోరుకూ చెప్పండి. కాగబెడితే ఫ్లోరైడ్ పోదని, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుందని తప్పకుండా చెప్పండి. చాలా ఇళ్లలో కాగబెట్టిన నీళ్లే మంచివని నమ్మి పసిపిల్లలకు పడుతున్నారు.

కదలికల పరీక్షలో తప్పినవాళ్ల పేర్లు సభలో చదవకూడదు. వాళ్ల ఇంటికి వెళ్లి చెప్పి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రాసిన చీటీ చేతికివ్వండి. ఫ్లోరోసిస్ నివారణకు 2008-09 నుంచి జాతీయ కార్యక్రమం ఉంది. మీ జిల్లాలో దాన్ని చూసే అధికారికి నివేదిక ప్రతి ఒకటి పంపండి. కోడ్ నంబర్లకు పేర్లు కలిపే పుస్తకం బీరువాలో తాళం వేసి ఉంచండి. రెండేళ్లకో మూడేళ్లకో ఆ పిల్లలకు కొత్త పళ్లు వస్తాయి, అప్పుడు మళ్లీ అవే ఇళ్లకు ఆ పుస్తకంతో వెళ్లాలి.